పుస్తకాల్లో సున్నా అయిన మిషను

(విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక ఏం చేస్తున్నారో పావుగంటలో చెప్పమన్నారు. నాకంటే ముందు మాట్లాడినవారు తీర్థయాత్రల గురించి, మిద్దె తోటల గురించి చక్కగా చెప్పారు. నేను మాత్రం తుప్పు పట్టిన ఒక లేత్ మిషను గురించి చెబుతాను. ఇందులో బ్యాంకు సంగతి కూడా ఉంది, చివర్లో చెబుతాను. అందుకని దయచేసి భోజనాలకు లేవకండి.

ఇక్కడున్న పిల్లలు లేత్ చూసి ఉండకపోవచ్చు. కుమ్మరి సారె మీద మట్టి గిర్రున తిరుగుతుంటే, కుమ్మరి చెయ్యి నిలకడగా ఉండి దానికి రూపం తెస్తుంది. ఆ సారెను అడ్డంగా పడుకోబెట్టామనుకోండి. మట్టి బదులు ఇనుప కడ్డీ తిరుగుతుంది, చెయ్యి బదులు గట్టి ఉక్కు పనిముట్టు దాన్ని చెక్కుతుంది. అదే లేత్. తెలుగులో దీనికి 'తరిమెన' అనే పాత మాట ఉంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు మీ అందరికీ తెలుసు. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ చెక్కి, అది తిరుగుతుండగానే లక్క అద్దుతారు. ఇనుము పనికి వచ్చేసరికి చేతి పట్టు చాలదు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే అనే పనివాడు పనిముట్టును పట్టుకునే స్లయిడును, పొడుగాటి లీడ్ స్క్రూను, మార్చుకునే పళ్లచక్రాలను ఒకే మిషనులో గట్టిగా కుదిర్చాడు. దాంతో ఒక బోల్టు మర ఎలా ఉంటే పదో బోల్టు మర కూడా అలాగే కోయడం సాధ్యమైంది. స్వాతంత్ర్యానికి ముందే, 1943లో, మన సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ వచ్చింది. 1953లో బెంగళూరులో హెచ్‌ఎంటీ పుట్టింది. పంజాబ్‌లోని బటాలా, గుజరాత్‌లోని రాజ్‌కోట్ లాంటి ఊళ్లలో చిన్న చిన్న ఫౌండ్రీలు లేత్‌లు పోత పోసి దేశమంతా పంపాయి.

మా నాన్నగారి లేత్ బటాలాదే. నాలుగున్నర అడుగుల బెడ్, బెల్టు మీద నడిచే మిషను. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు మాది. లారీల పిన్నులు, బుష్‌లు, పంపుల షాఫ్టులు తిప్పేవారు. నా ఇంటర్ ఫీజు, డిగ్రీ ఫీజు, బ్యాంకు పరీక్ష దరఖాస్తు డబ్బు అన్నీ ఆ మిషను మీంచి రాలినవే. 2004లో నాన్నగారు పోయాక షెడ్డు ఖాళీ చేశాం. లేత్‌ను ఊళ్లో పాత ఇంటి వసారాలో పెట్టి టార్పాలిన్ కప్పాం. 2021లో నేను రిటైరై ఆ ఇల్లు చూడబోయేసరికి టార్పాలిన్ చివికిపోయింది, మిషను ఎర్రగా తుప్పు పట్టింది.

మా తమ్ముడు పాత ఇనుము కొనే అతన్ని అప్పటికే పిలిపించి ఉంచాడు. అతను ఒక చూపు చూసి, 420 కిలోలు ఉంటుంది, కిలో 28 రూపాయలన్నాడు. అంటే 11,760 రూపాయలు. నేను కూడా బ్యాంకు బుర్రతో లెక్క వేశాను. లక్ష రూపాయల యంత్రాన్ని ఏటా 15 శాతం చొప్పున తగ్గిస్తూ పోతే, పదేళ్లకు పుస్తకంలో విలువ 20 వేలు కూడా ఉండదు. ఇరవై ఏళ్లకు 3,900కు దిగుతుంది. ఈ మిషనుకు యాభై ఏళ్లు దాటాయి. ఆ లెక్కన పాత ఇనుము ధరే ఎక్కువ. సరేనందామని నోరు తెరిచేలోగా హెడ్‌స్టాక్ పక్కనున్న పళ్లచక్రాల తలుపు ఊరికే తీసి చూశాను. లోపల తెల్ల ఎనామెల్ రంగుతో నాన్నగారి చేతిరాత. ఏ మరకు ఏ చక్రాలు బిగించాలో పట్టిక. గ్రీజు కింద ఉండటంతో అక్షరం చెదరలేదు. తలుపు మూసి, అమ్మడం లేదని చెప్పేశాను. తమ్ముడు నవ్వాడు. "అన్నయ్యా, నీకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా రాదు కదా" అన్నాడు. అది నిజమే.

లేత్‌ను మా ఇంటి కారు షెడ్డుకు చేర్చాను. పని మొదలుపెట్టేటప్పుడు నాకు తెలిసిన ఒక్క విద్యే పనికొచ్చింది. వోచరు లేకుండా ఎంట్రీ లేదు కదా మనకు. ఏ నట్టు విప్పినా ముందు ఫొటో తీశాను, విప్పాక ప్లాస్టిక్ సంచిలో వేసి చీటీ రాసి కట్టాను. 140 సంచులు తేలాయి. మా ఆవిడ వాటిని చూసి, ఇంట్లో మళ్లీ బ్రాంచి తెరిచారా అంది.

తుప్పు వదిలించడానికి బజారులో దొరికే ఘాటు యాసిడ్లు అక్కర్లేదు. జిడ్డు పోవడానికి కిరసనాయిలు, కుంచె చాలు. చిన్న భాగాలను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి, కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. రాత్రంతా మరిచిపోతే నిమ్మ ఉప్పు మంచి ఇనుమును కూడా తింటుంది. పెద్ద భాగాలకు బట్టల సోడా నీళ్లు, బ్యాటరీ ఛార్జరు వాడాను. తుప్పు పట్టిన వస్తువును నెగటివ్ తీగకు, పనికిరాని ఇనుప ముక్కను పాజిటివ్ తీగకు కలిపి ఆ నీళ్లలో ముంచితే, తుప్పు నల్లగా మెత్తబడి బ్రష్షుకు ఊడి వస్తుంది. రెండు జాగ్రత్తలున్నాయి. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయట చెయ్యాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క వాడకూడదు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా తడిపి గీకాను. ఇత్తడి పేరు పలకకు మాత్రం మా ఆవిడ వైద్యమే చేశాం. చింతపండు, కాస్త ఉప్పు. పది నిమిషాల్లో బటాలా అనే అక్షరాలు మెరిశాయి.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. కడ్డీని పట్టుకునే చక్, స్పిండిల్ మీదకు మర బిగింపుతో ఎక్కుతుంది. పదిహేడేళ్ల తుప్పుకు అది కదలడం లేదు. లేత్‌లో బ్యాక్ గేర్ అనే ఏర్పాటు ఉంటుంది. మిషనును నెమ్మదిగా, బలంగా తిప్పడానికి అది. దాన్ని వేసి, మామూలు పిన్నును కూడా తియ్యకుండా ఉంచితే స్పిండిల్ ఎటూ తిరగకుండా బిగుసుకుపోతుంది. ఇది తెలుసుకుని నేనేదో కనిపెట్టినట్టు మురిసిపోయాను. అలా బిగించి, చక్‌కు పొడుగాటి పైపు తగిలించి, నా బరువంతా వేసి గుంజాను. టప్‌మని చప్పుడైంది. చక్ కదల్లేదు. బ్యాక్ గేర్‌కు రెండు పళ్లు విరిగి నా కాళ్ల దగ్గర పడ్డాయి. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. యాభై ఏళ్లు వాడి నాన్నగారు విరగ్గొట్టనిది, నేను యాభై నిమిషాల్లో విరగ్గొట్టాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. పాత ఇనుము అతని నంబరు ఫోనులోనే ఉంది. రెండుసార్లు తీసి చూశాను కూడా.

మర్నాడు ఉదయం ఆటోనగర్ వెళ్లాను. నాన్నగారి దగ్గర పని నేర్చుకున్న ఒకాయన ఉన్నారు. చిన్నప్పటి నుంచి నేను బాబాయ్ అని పిలుస్తాను. ఎనభైకి దగ్గర పడ్డారు. విరిగిన పళ్లు కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టాను. తిట్టలేదు. "అబ్బాయ్, మీ నాన్న లేత్ మీద ఎప్పుడన్నా బలం చూపించడం చూశావా?" అన్నారు. నేను చూళ్లేదు.

అప్పటి నుంచి ఆయన ఆదివారాలు మా ఇంటికి వచ్చేవారు. చక్ మరలోకి వారం రోజులు నూనె ఇంకనిచ్చారు. చక్ దవడకూ బెడ్‌కూ మధ్య గట్టి చెక్క దిమ్మ అడ్డం పెట్టి, మోటారు లేకుండా, బెల్టును చేత్తో పట్టుకుని స్పిండిల్‌ను వెనక్కి ఒక్క విసురు విసిరారు. దవడ చెక్కకు తగిలింది. మూడో విసురుకు చక్ వదులైంది. గేరు విరిగినచోట గాడి తీసి, ముక్క కూర్చి, బ్రేజింగ్ చేసి, పక్క పళ్ల కొలత రేకు మీద తీసుకుని ఆకురాయితో రెండు పళ్లు తీర్చారు. చెబితే తప్ప ఇప్పుడు ఆ పళ్లు ఏవో గుర్తుపట్టలేరు. నా ఖర్చుల పుస్తకంలో 'నా తప్పుకు: 1,800' అని విడిగా రాశాను.

బాబాయ్ నాకు నేర్పిన అసలు విద్య వేరే. ముట్టుకునే ముందు కొలవమన్నారు. నేను ఎమెరీ కాగితం తెచ్చి బెడ్‌ను తళతళలాడిద్దామనుకున్నాను. చెయ్యి పట్టుకుని ఆపారు. ఎమెరీ రజను స్లయిడ్ల మధ్య చేరితే, తుప్పు పదేళ్లలో చేసే నష్టాన్ని అది నెలలో చేస్తుంది. పైగా ఎక్కడ అరిగిందో తెలియకుండా అంతటా రుద్దితే, బాగున్న చోటును కూడా పాడుచేసినట్టే.

కొలిచి చూస్తే ఆశ్చర్యంగా ఉంది. మిషను అంతా ఒకేలా అరగదు. చాలా పనులు పొట్టివి, చక్ దగ్గరే జరుగుతాయి. కాబట్టి పనిముట్టును మోసే క్యారేజ్ ఎప్పుడూ ఆ మూలే తిరుగుతుంది. బెడ్ అక్కడే అరుగుతుంది. మా లేత్‌లో ఆ మూల పల్లం 0.06 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక వెంట్రుక మందం. రెండో కొసన మాత్రం బటాలా పనివాడు స్క్రేపరుతో గీకిన పూల గుర్తులు నిన్న గీకినట్టే ఉన్నాయి. క్రాస్ స్లయిడ్ హ్యాండిల్‌ను పావు చుట్టు తిప్పినా స్లయిడ్ కదిలేది కాదు. లోపలున్న గన్ మెటల్ నట్టు అరిగింది. అది అరగడానికే పెట్టిన భాగం, మార్చుకోవచ్చు. స్పిండిల్ కింద కర్ర పెట్టి పైకెత్తి డయల్ గేజ్ చూస్తే ముల్లు 0.12 చూపించింది. బుష్‌ను సర్దాక 0.03కు వచ్చింది. పుస్తకాల్లో సున్నా అయిన మిషనులో నిజంగా పోయినవి ఒక నట్టు, ఒక బుష్ బిగింపు, బెడ్ మీద జానెడు మేర వెంట్రుక మందం. మిగిలినదంతా మురికి.

క్రాస్ స్లయిడ్‌ను సమం చెయ్యడం నా చేతనే చేయించారు. చదునైన కొలత పలకకు ప్రష్యన్ బ్లూ పల్చగా రాసి, దాని మీద స్లయిడ్‌ను మెల్లగా జరిపితే ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుతుంది. ఆ నీలం చుక్కలను మాత్రమే స్క్రేపరుతో గీకాలి. తుడిచి, మళ్లీ రాసి, మళ్లీ చూడాలి. మొదట మూడు చుక్కలే అంటాయి. గీకేకొద్దీ ముప్పై, నలభై చుక్కలు స్లయిడ్ అంతా పరుచుకుంటాయి. పదకొండు సాయంత్రాలు పట్టింది. క్యాష్ టాలీ కానిరోజు ఒక్కో నోట్ల కట్ట మళ్లీ లెక్కపెట్టినట్టే ఉంటుంది ఆ పని.

నాన్నగారి పట్టికలో నాకొక చిక్కు ఎదురైంది. మిల్లీమీటర్ల మరలు అన్నింటికీ 127 పళ్ల చక్రం ఒకటి రాశారు. అంత విచిత్రమైన సంఖ్య ఎందుకని అడిగాను. ఈ లేత్ లీడ్ స్క్రూ అంగుళాల లెక్కది. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. దాన్ని అయిదుతో హెచ్చిస్తే సరిగ్గా 127. శేషం లేకుండా అంగుళాల్లోంచి మిల్లీమీటర్లలోకి దాటించే చక్రం అది. నాకు వెంటనే మన సీనియర్లు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినప్పుడు, 16 అణాల రూపాయిని 100 పైసలకు మార్చే పట్టికను కౌంటరు దగ్గర పెట్టుకుని పనిచేశారట. అణాకు ఆరుంపావు పైసలు. మన లెడ్జర్లు దాటిన ఏరునే ఆ రోజుల్లో లేత్‌లు కూడా దాటాయి. మన పట్టిక కాగితం మీద ఉండేది, వాళ్లది పళ్లచక్రం.

కరెంటు దగ్గర ఒక మాట. పాత మోటారు త్రీ ఫేజ్‌ది, ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. కొత్తగా ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు బిగించాం. ఎర్త్ వేయించాం. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు మిషను తనంతట తాను తిరగకుండా ఆపే స్విచ్చి పెట్టించాం. పని మధ్యలో కరెంటు పోయే ఊళ్లలో ఇది ప్రాణాలు కాపాడుతుంది. లేత్ దగ్గర చేతి తొడుగులు, ఉంగరం, పొడుగు చేతుల చొక్కా, చున్నీ, కొంగు ఏవీ ఉండకూడదు. తిరిగేది గుడ్డ అంచును పట్టుకుంటే మనిషిని వదలదు. చక్ తాళం చక్‌లో వదిలి స్విచ్చి వేస్తే తూటాలా వచ్చి తగులుతుంది. మా మనవరాలికి ఒకటే నియమం పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని, నేల మీద గీసిన పసుపు గీత ఇవతలే నిలబడాలి.

చివరి పరీక్ష రోజున తమ్ముడిని కూడా పిలిచాను. చక్‌లో ఒక కడ్డీ బిగించి, దాని మీద 120 మిల్లీమీటర్ల దూరంలో రెండు కట్లు వదిలి, క్రాస్ స్లయిడ్ కదపకుండా రెండింటినీ పల్చగా తిప్పాలి. మైక్రోమీటరుతో కొలిస్తే రెండూ ఒకటే రావాలి. మాకు 0.09 తేడా వచ్చింది. నా మొహం వాడిపోయింది. బాబాయ్ మాత్రం మిషను వైపు చూడకుండా నేల వైపు చూశారు. కారు షెడ్డు నేల వాలుగా ఉంది. బోల్టులు బిగించగానే బెడ్ తడిగుడ్డలా మెలి తిరిగింది. ఇనుప దూలం మెలి తిరగడమేమిటని మనకనిపిస్తుంది కానీ, ఈ కొలతల్లో తిరుగుతుంది. తాపీ మేస్త్రి లెవెల్ దీనికి చాలదు. ఆయన తన షెడ్డు నుంచి మీటరుకు 0.02 తేడా చూపించే లెవెల్ తెచ్చి, ఒక కాలి కింద పల్చటి రేకులు పెడుతూ, తీస్తూ, ఒక పూటంతా కూర్చున్నారు. సాయంత్రానికి తేడా 0.01కు వచ్చింది. తమ్ముడు మైక్రోమీటరు నా చేతిలోంచి తీసుకుని తనే మళ్లీ రెండుసార్లు కొలిచాడు. ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు పళ్లచక్రాల తలుపు తీసి, ఆ చేతిరాత చూసి, మెల్లగా మూశాడు. మిషనంతటికీ కొత్త రంగు వేశాం కానీ, ఆ తలుపు లోపలి వైపు వెయ్యలేదు.

మొత్తం ఖర్చు మీకు చెప్పాలి, బ్యాంకువాళ్లం కదా. రవాణా 7,400. మోటారు, స్విచ్చి 11,200. నట్టు, బుష్ పనులు 6,500. బెల్టు 900. రంగు, నూనె, కిరసనాయిలు 2,600. నా తప్పుకు 1,800. వెరసి 30,400. బాబాయ్ ఆదివారాలకు ఆయన ఏమీ తీసుకోలేదు, అందుకే ఆ పద్దు రాయలేదు. ఇప్పుడు మా వీధిలో గ్రైండరు బుష్‌లు, కుట్టు మిషను పిన్నులు తిప్పి ఇస్తున్నాను. బెడ్ పల్లం అలాగే ఉంది. దాన్ని గ్రైండింగుకు పంపితే ఖర్చు ఎక్కువ, నా పనికి అక్కర్లేదు. నా లేత్ కొత్తది కాలేదు. దాని లోపం ఎంతో, ఎక్కడో మాత్రం నాకు తెలుసు.

మొదట్లో అన్నానే, బ్యాంకు సంగతి కూడా ఉందని. అదీ చెప్పి ముగిస్తాను. తొంభైల్లో నేను ఒక బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసరుగా ఉన్నప్పుడు ఒక టర్నరు అప్పు కోసం వచ్చాడు. పాత లేత్ మీద పని చేసుకుంటున్నాడు, పక్క షెడ్డువాళ్లు అమ్ముతున్న మరో పాత లేత్ కొనుక్కోవాలని ఆశ. తనిఖీకి వెళ్లాను. అయిదు నిమిషాలు ఉన్నాను. మిషను మీద జిడ్డు, తుప్పు చూశాను. 'యంత్రం బాగా పాతది, విలువ స్వల్పం' అని రాసి వచ్చాను. అప్పు రాలేదు. నా రిపోర్టులో తప్పేమీ లేదు, పై ఆడిట్‌లో కూడా ఎవరూ అడగలేదు. ఒక టర్నరు కొడుకునై ఉండి ఆ మాట రాశాను. అతను వాదించలేదు. "ఒక్కసారి తిప్పి చూపిస్తాను, కొలిచి చూడండి సార్" అన్నాడు. నాకు టైము లేదన్నాను. తర్వాత అతను ఏమయ్యాడో నాకు తెలియదు. బాబాయ్ మా కారు షెడ్డులో డయల్ గేజ్ పెట్టిన ప్రతిసారీ ఆ మాటే వినిపించేది.

అందుకని ఇక్కడున్న పిల్లల్లో ఇప్పుడు బ్యాంకుల్లో పనిచేస్తున్నవారికి ఒక విన్నపం. పాత మిషను తనిఖీకి వెళితే రంగు చూడకండి, పుట్టిన ఏడాది ఒక్కటే చూడకండి. హ్యాండిల్ ఎంత వృథాగా తిరుగుతుందో అడగండి. చక్ దగ్గర బెడ్‌కు, రెండో కొసకు తేడా చూపించమనండి. నూనె గిన్నెల్లో నూనె ఉందో లేదో చూడండి, అది ఆ యజమాని స్వభావం చెబుతుంది. ఒక కడ్డీ తిప్పి, రెండు చోట్ల కొలిచి చూపించమనండి. అరగంట పడుతుంది. మీకు కొలవడం రాకపోతే, తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. అప్పు ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ నిర్ణయం. కానీ అతను తిప్పి చూపిస్తానంటే, నిలబడి చూడండి.

ఎవరింట్లోనైనా గ్రైండరు బుష్ అరిగితే పంపించండి. సెలవు.